నందిగామ కేసు

మా పెదనాన్న పోయారు. శుక్రవారం పొద్దున కాఫీ తాగి, బస్సుకి టైమైందంటూ లేచి, మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయారట. పెద్దమ్మ ఫోన్ చేసి ఏడవలేదు. "మీ పెదనాన్న ఇంక నందిగామ వెళ్ళరే" అంది. ఆ మాట నా బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది.

జగ్గయ్యపేటలో పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట, "పాపం, ఆ నందిగామ కేసు తేలకుండానే పోయారు" అని. పెదనాన్న పచారీ కొట్టు పక్కనే బట్టల కొట్టున్నాయన కళ్ళు తుడుచుకుంటూ, "సాక్ష్యానికి నేనొస్తానని మూడేళ్ళ నుంచీ చెప్తూనే ఉన్నానమ్మాయ్. కావాలంటే పిలుస్తాలేరా అనేవాడు అన్న. పిలవనే లేదు" అన్నారు. నేను తల దించుకున్నాను. కేసూ లేదు, గీసూ లేదు. ఆ సంగతి ఈ ఊళ్ళో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

పత్తికీ మిరపకీ వరసగా ధర లేక పల్లెల నుంచి బేరాలు ఆగిపోయినప్పుడు, నలభై ఏళ్ళ కొట్టుని పెదనాన్న మూసేశారు. నెల తిరక్కుండానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఫైలు కవరు పెట్టుకుని, రోజూ నందిగామ బస్సెక్కడం మొదలుపెట్టారు. నందిగామలో కోర్టుంది, చంకలో ఫైలుంది. మిగతాది ఊరే అల్లుకుంది. ఆయన కాదనలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. నేను కామర్స్ చెప్పే ప్రైవేటు కాలేజీలో పిల్లలు తగ్గిపోయి, నన్నిక రావద్దన్నారు. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. పరీక్షల డ్యూటీ అని చెప్పి, నందిగామలో ఒక స్కూలుకి ఉద్యోగం అడగడానికి వెళ్ళాను. ఖాళీ లేదన్నారు. ఎండలో తిరిగొస్తుంటే, హైవే పక్క సందులో మోటార్లు బాగుచేసే షెడ్డు. అందులో వార్నిష్ మరకల చొక్కాతో, ఒళ్ళో రాగితీగ చుట్టతో మా పెదనాన్న! కొడుకు వయసున్న మేస్త్రి, "అట్టా కాదు శెట్టిగారూ, బిగించి లాగండి" అని కసురుతున్నాడు. గుమాస్తాలను కంటిచూపుతో కూర్చోబెట్టిన మనిషి, "అట్టాగేనండి మేస్త్రిగారూ" అంటున్నారు.

నన్ను చూసి ఆయనే ముందు తేరుకున్నారు.

"డ్యూటీ అయిపోయిందా?"

"మీ వాయిదా అయిపోయిందా?" అన్నాను.

ఇద్దరికీ నవ్వు రాలేదు. తీగ కొస నా వైపు చాచి, "సర్లే, కూర్చో. ఈ కొస పట్టుకో" అన్నారు. అలా పట్టుకున్న కొసని ఏడాదైనా వదల్లేదు నేను. ఊరికి మాత్రం, నందిగామ కాలేజీలో చెప్తున్నానని చెప్పుకున్నాను.

బస్సులో ఒకసారి అన్నారు: "చేతిలో డబ్బాడనప్పుడు జనం కొత్తది కొనరమ్మా, పాతది బాగు చేయించుకుంటారు. బేరం ఎటు పోతే మనమూ అటు పోవాలి." మరి మేస్త్రి తిడితే చిన్నతనంగా లేదా అంటే, "నేర్చుకునేవాడికి సిగ్గేంటే" అన్నారు. సిగ్గు లేకపోతే ఆ ఫైలు కవరెందుకు? సిగ్గే ఉంటే అరవై నాలుగేళ్ళ వయసులో రోజూ ఆ బస్సెందుకు? ఇది నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు. సొంతంగా షాపెప్పుడు పెడతారని అడిగితే, "పనింకా రాలేదమ్మా" అనేవారు. మేస్త్రేమో మొదటి ఏడాదే వచ్చేసిందంటాడు. ఎవరిది నిజమో!

కొట్టుని మాత్రం షెడ్డుకి తెచ్చుకున్నారు. తీగ చుట్లు లెక్కపెడుతూ ఏనాడూ ఒకటి అనలేదు. బియ్యం కొలిచినట్టే "లాభం, రెండు, మూడు" అనేవారు. తీగచుట్టల్ని నూలుదారంతో కట్టేటప్పుడు పొట్లం ముడే వేసేవారు. దారం రెండుసార్లు తిప్పి, వేలి మీద మెలేసి, టప్పున తెంపడం. మేస్త్రి మొదట గొణిగాడు గానీ, ఆ ముడి వదులవ్వదని చూసి ఊరుకున్నాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక బట్టల కొట్టాయన అందరి ముందూ పెద్దమ్మనడిగారు. "ఆ ఫైలిటివ్వు వదినా. నాకు తెలిసిన ప్లీడరున్నాడు. అన్న పేరు మీద కేసు గెలిపిస్తా."

పెద్దమ్మ లోపలికెళ్ళి ఆ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు. కోర్టుకెళ్ళిన మనిషి చొక్కా వార్నిష్ కంపు కొట్టదని ఉతికేదాన్ని నాకు తెలీదా?" అంది.

కవరు తెరిచాను. మడత పెట్టిన మరకల చొక్కా, ఒక దారపుండ. అంతే.

"కేసు లేదండీ. నందిగామ షెడ్డులో మోటారు వైండింగ్ నేర్చుకునేవారు. నా కాలేజీ ఉద్యోగం కూడా పోయింది. నేనూ అక్కడే నేర్చుకుంటున్నా."

బట్టల కొట్టాయన ముఖం చిన్నబోయింది. "నాక్కూడా చెప్పలేదా?" అని లేచి వెళ్ళిపోయారు. నిజం చెప్పి మంచిపని చేశానో, పెదనాన్న పరువు తీశానో తెలియక ఆ వారమంతా తిండి సయించలేదు.

సోమవారం ఆ కవరే పట్టుకుని బస్టాండుకి వెళ్ళాను. బట్టల కొట్టాయన అక్కడున్నారు. నా వెనకే బస్సెక్కారు, నా వెనకే షెడ్డులోకి వచ్చి పెదనాన్న స్టూలు మీద కూర్చున్నారు. చెవిటికల్లు ఊరి రైతుది ఒక మోటారు సగం చుట్టి ఉంది. పెదనాన్న పోయే ముందురోజు వదిలి వెళ్ళిన పని. నేను తీగ అందుకుని "లాభం" అన్నాను.

ఆయన వంగి, ఆ మోటారు తీగచుట్టకి కట్టిన దారాన్ని దగ్గరగా చూశారు.

"ఇది అన్న ముడేనమ్మాయ్" అన్నారు మేస్త్రికి కూడా వినపడేలా. "నలభై ఏళ్ళు పక్కన కూర్చుని చూశా. అన్న ముడే."

నేను చుట్టడం మొదలుపెట్టినా, ఆయన బొటనవేలు ఆ ముడి మీద నుంచి తియ్యలేదు.