నేను తీసేసిన ఒక్క లైను

నాగమణి అనే పేరు ఎక్కడ వినబడినా అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతాను నేను. ప్రేమకథ అనుకోకండి. అదే అయితే ఇన్నేళ్లు దాచేవాణ్ణి కాదు, గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇది నేను చేసిన తప్పు. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల చివర్లో జహీరాబాద్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాణ్ణి. చెప్పులు బయట విప్పి అడుగుపెట్టాల్సిన ఏసీ గదిలో ఉండేది ఆ కంప్యూటరు, మిషన్ అనేవాళ్లం. ఏ రైతు చెరుకు ముందు నరకాలో, నాటిన తేదీని బట్టి ఆ మిషనే వరుస వేసేది. కటింగ్ ఆర్డర్లు ఆ వరుసలోనే వెళ్లేవి. అన్ని ప్రోగ్రాములకూ పనికొచ్చే లెక్కల ముక్కల్ని ఒకచోట పెట్టుకుని లైబ్రరీ అనేవాళ్లం. నాకు ముందున్నవాళ్లు దాన్ని చిందరవందరగా వదిలి వెళ్లారు. నేను పూనుకుని శుభ్రం చేశాను. సగానికి సగం తగ్గింది. బాగా చేశాను, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

కానీ ఆ ఊపులో ఒక లైను తీసేశాను. లెక్క మొదలుపెట్టే ముందు పాత అంకెల్ని చెరిపేసే లైను. అనవసరం అనిపించింది.

అప్పట్నుంచి వరుసను సరిచూసే టెస్టు తిక్కగా తయారైంది. ఒకసారి పాస్, ఇంకోసారి ఫెయిల్. మిషన్ ఆపి మళ్లీ పెట్టి మొట్టమొదట దాన్నే నడిపితే మాత్రం ఎప్పుడూ పాసే. దాంతో ఒక ఆచారం పెట్టాను. పొద్దున అగరొత్తి వెలిగించి, మిషన్ ఆన్ చేయగానే ముందు ఆ టెస్టే నడపాలి. మేనేజరు నా క్రమశిక్షణను మెచ్చుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను. నా చేయి పడ్డ పనిలో తప్పుంటుందా? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ సీజన్‌లో న్యాల్‌కల్ వైపు రైతు ఒకాయన వంతు బాగా వెనక్కి జారింది. ఆర్డర్ అందేసరికి ఆయన చెరుకు పొలంలోనే ఎండి బెండుగా మారింది. ఆయన వచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నాడు. తేదీ తప్పు కొట్టి ఉంటుందని మేనేజరు నాగమణిని నిలదీశాడు. రైతుల తేదీలు మిషన్‌లో ఎక్కించేది ఆమే. టెంపరరీ ఉద్యోగం, సీజన్ అయ్యాక పర్మనెంట్ చేస్తామని ఆశపెట్టారు.

ఆమె నా బల్ల దగ్గరికొచ్చింది. ఏడవలేదు.

"సార్, నేను కాయితం మీద ఉన్నదే కొట్టిన. మీరు జర లోపల చూసి చెప్పున్రి."

అప్పటికే చూశాను. తేదీ సరిగ్గానే ఉంది. ముందు నడిచిన ప్రోగ్రాము వదిలిన అంకెలు చెరగకుండా మిగిలిపోయి వరుసను తారుమారు చేశాయి. చూడగానే నేను తీసేసిన లైను గుర్తొచ్చింది. పొద్దున అన్నిటికన్నా ముందు నడిపే టెస్టుకు ఆ మిగులు అంకెలు ఉండవు, అందుకే అది రోజూ పాసయ్యేది.

"మిషన్ ఎట్ల తప్పు జేస్తదమ్మా?" అన్నాను.

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "గట్లయితే నేనే తప్పు కొట్టిన్నేమో సార్."

కాదని ఎందుకనలేదు? ఉద్యోగం పోతుందనా? నాది పోదు, నేను లేకపోతే ఆ గది నడవదని అందరికీ తెలుసు. భయం కాదు, పొగరు. అందరూ పొగిడిన నా పనిలో మచ్చ ఉందని నలుగురికీ తెలియడం ఓర్చుకోలేక, ఆ మచ్చను ఒక ఆడపిల్ల చేతులకు పూసి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఎవరూ రాకముందే ఆ లైను తిరిగి పెట్టాను. టెస్టు మళ్లీ ఫెయిల్ కాలేదు. తర్వాతి సీజన్‌కు ఆమెను పిలవలేదు. ఎక్కడుందో కనుక్కోవడం కష్టమేమీ కాదు, వాళ్లది చిరాగ్‌పల్లే. ఎన్నోసార్లు బస్సులో ఆ ఊరి మీదుగా పోయాను. దిగలేదు.

ఆమె ఉద్యోగం పోయిందన్న బాధ కన్నా ఆ చివరి మాటే నన్ను ఎక్కువ తినేస్తోంది. తాను సరిగ్గా చేసిన పనిని తానే శంకించింది. ఆ శంక ఆమెలో పెట్టింది నేను. ఇప్పుడు చెప్పేశాను, గుండె తేలికైంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది. ఆమె ఇంకా తన వేళ్లనే తప్పుపట్టుకుంటూ ఉండొచ్చు.