అత్త బతికుండగానే చదివిన జీవిత చరిత్ర

మా సంఘంలో ఎవరైనా పోతే, జ్ఞాపకార్థ కూడిక రోజున వాళ్ల జీవిత చరిత్ర చదవడం ఆనవాయితీ. పాటలయ్యాక, పాస్టరు గారు వాక్యం చెప్పేముందు, ఒకరు లేచి ఒక కాగితం చదువుతారు. ఫలానా ఊళ్లో పుట్టారు, ఫలానా వారిని వివాహమాడారు, ప్రభువునందు నిద్రించారు. నరసరావుపేటకూ చిలకలూరిపేటకూ మధ్య ఉన్న మా ఊళ్లో ఆ కాగితం రాసేది నేనే. అంగన్‌వాడీ టీచర్ని, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. మొదట్లో పాస్టరు గారు నన్ను పిలిచింది ఆ అక్షరాలు చూసే. ఇప్పుడు పిలిచేది రాత చూసి. ఈ మాట నేనే చెప్పుకుంటున్నాను, మా ఊళ్లో ఇంకెవరూ చెప్పరు కాబట్టి.

మొదట్లో రాసినవి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పోయినవాళ్లందరూ దైవభక్తి గలవారే, అందరూ మృదుస్వభావులే, అందరూ ఇరుగుపొరుగుతో ప్రేమగా మెలిగినవారే. ఒకసారి అలాగే చదివేసి కూర్చోబోతుంటే, పోయినామె చెల్లెలు ముందు వరసలోంచి అందుకుంది.

“ఏందమ్మా ఇది? పోయిన నెల పైబజారు ముసలామెకు చదివిందే మళ్లీ చదివావు. మా అక్కది మృదుస్వభావమా? మా అక్క అరిస్తే మాచర్ల దాకా వినపడేది!”

ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆ కోపమంతా గిన్నెల మీద చూపించాను. సగం గిన్నెలు తోమేసరికి ఆవిడ అన్నది నిజమేనని ఒప్పుకోక తప్పలేదు. అంత పెద్ద గొంతున్న మనిషిని నేను నోరు లేనిదాన్ని చేసి పంపించాను.

మనిషి పోయాక హడావుడిగా కాగితం ముందు కూర్చుంటే ఏమీ గుర్తుకు రాదు. అందుకని బతికున్నవాళ్ల గురించి రోజూ రాయడం మొదలుపెట్టాను. పొద్దున్నే పొయ్యి మీద బియ్యం పడేసి, వంటింటి గడప మీద కూర్చుని, అన్నం ఉడికేలోపు ఊళ్లో ఒక మనిషి గురించి రాయాలి. మంచివాడు, మంచిది అనే మాటలు రాయకూడదు. నిన్న ఆ మనిషి ఏం చేశాడో, ఏమన్నాడో రాయాలి. ఇవీ నేను పెట్టుకున్న షరతులు.

మొదట్లో అన్నం మాడింది గానీ రాత కుదరలేదు. “ఏందే, ఇవాళ ఎవరిని మాడ్చావు?” అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. పట్టించుకోలేదు. కొన్నాళ్లకు నా కళ్లు మారాయి. మిర్చి కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చున్న ఆడవాళ్లలో ఎవరు మాట్లాడుతూ ఏరుతారో, ఎవరు మాట్లాడటానికి చెయ్యి ఆపుతారో కనపడటం మొదలైంది. రాసింది పైకి చదువుకునేదాన్ని. ఊపిరి అందని చోట వాక్యాన్ని విరగ్గొట్టేదాన్ని. చదువుతుంటే నాకే సిగ్గనిపించిన మాటను నిర్దాక్షిణ్యంగా కొట్టేసేదాన్ని.

సంగతి ఊళ్లో పొక్కింది. సంఘ పెద్ద ఒకాయన దారి కాచి మరీ అడిగాడు.

“అమ్మాయ్, చర్చికి మైకు సెట్టు ఇచ్చింది నేనే. రాసుకున్నావా?”

“మీకింకా చానా టైముంది బాబాయ్, తొందరేంది?” అన్నాను.

ఆ తర్వాత నేను చదువుతుంటే కూడికలో గుసగుసలు ఆగిపోయేవి. ఇదుగో, ఇదీ మా మనిషి అన్నట్టు ఇంటివాళ్లు తలలూపేవారు. ఒకసారి మా బజారులో ఎన్నడూ అడుగుపెట్టని రైతు కుటుంబం వాళ్లు వచ్చి, మా ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, “మా నాయన పెద్దకర్మకు నువ్వే నాలుగు మాటలు రాసిపెట్టాలమ్మా” అన్నారు. పొంగిపోయాను. ఆ పొంగును దాచుకోవాల్సిన అవసరం నాకు కనపడలేదు.

ఇదంతా చూస్తూ ఒక్క మాటా అననిది మా అత్త. బతుకంతా పత్తి చేలల్లో, మిరప చేలల్లో కూలికి పోయిన మనిషి. చదువు రాదు. ఒకరోజు నా పక్కనే గడప మీద కూర్చుని అడిగింది.

“ఏమే, నాది ఎప్పుడు రాస్తావు?”

“అదేం మాట అత్తా!”

“చచ్చినాక చదివితే నాకేమన్నా వినపడుద్దా? నా పుట్టినరోజుకు కృతజ్ఞత కూడిక పెట్టించండి. నేను ముందు కూర్చుంటా. నువ్వు చదువు.”

రాశాను. బాగా వచ్చిందనుకున్నాను. వినిపిస్తే కళ్లు మూసుకుని వింది. ఒకచోట చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. నేను రాసింది ఇది: ‘వారి జీవితంలో కొన్ని శ్రమలు ఎదురైనను ప్రభువు వాటిని దాటించెను.’

“కొన్ని శ్రమలేంది? ఆ శ్రమకు పేరు లేదా? మీ మామ తాగొచ్చి కొట్టేవాడు. నేను బిడ్డను చంకనేసుకుని నూజెండ్ల మా పుట్టింటికి పోయా. అది రాయకపోతే ఇది నా సంగతి కాదు, ఇంకెవరిదో.”

ఆ బిడ్డ మా ఆయనే. విని మండిపడ్డాడు.

“పోయిన మనిషిని తీసుకొచ్చి సంఘంలో నిలబెడతావా? మా నాన్న పరువు తీస్తే ఊరుకోను.”

రాస్తే ఇంట్లో నిప్పు. రాయకపోతే ఇన్నాళ్ల నా రాతంతా బూటకం. నిజం చెప్పాలంటే భయపడ్డాను. మర్నాడు పొద్దున మళ్లీ అత్త దగ్గర కూర్చుని, అలా పోయినదానివి తిరిగి ఎందుకొచ్చావని అడిగాను. ఆ సంగతి ఎవరూ ఎప్పుడూ ఆమెను అడగలేదట. నిదానంగా చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టే, అలంకారం లేకుండా రాశాను. మా ఆయనకు చూపించలేదు.

కూడిక రోజు అత్త కొత్త చీర కట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఏ క్షణమైనా బయటికి వెళ్లిపోయేవాడిలా. చదువుతూ ఆ చోటికి వచ్చాను. గొంతు తగ్గించలేదు.

‘మా మామ తాగి మా అత్తను కొట్టేవాడు. ఆమె బిడ్డను తీసుకుని పుట్టింటికి పోయి, అక్కడే కూలి చేసుకుని బతికింది. ఆయన పెద్దమనుషులను వెంటబెట్టుకుని పోయాడు. సంఘం ముందు నిలబడి చెప్తేనే వస్తానంది ఆమె. ఆ పై ఆదివారమే ఆయన ఇదే చర్చిలో, ఇదే జనం ముందు లేచి, ఇక నా భార్య మీద చెయ్యెత్తను అన్నాడు. ఆ తర్వాత పోయేదాకా ఎత్తలేదు.’

పాస్టరు గారు స్తోత్రం చెప్పడం మరిచిపోయారు. వెనక వరసలో ముసలివాళ్లు కొందరు, అవును, మేం విన్నాం అన్నట్టు తలలూపారు. అత్త వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది.

భోజనాల దగ్గర మా ఆయన నా పక్కకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “కొట్టాడని చిన్నప్పుడే అందరూ చెవిలో వేశారు. నిలబడి మాటిచ్చాడని, ఆ మాట మీద ఉన్నాడని ఒక్కళ్లూ చెప్పలేదు,” అన్నాడు. తనే నా విస్తట్లో వడ్డించాడు. జీవితంలో నాకు ఎవరైనా సన్మానం చేశారంటే అదే.

మర్నాడు పొద్దున అలసటగా ఉండి ఎసరు పెట్టి ఊరికే కూర్చున్నాను. అత్త వచ్చి చూసింది.

“ఏమే, ఖాళీగా కూర్చున్నావేంది?”

“నీది రాయడం అయిపోయిందిగా అత్తా. ఇవాళ్టికి సెలవు.”

“అయిపోవడమేంది? నేనింకా బతికే ఉన్నాగా! రాయి.”