మురుగు కాలవ నీళ్లు నోట్లో పోసుకుని చూసిన రోజు

మా చిన్నప్పుడు... నాగాయలంక అవతల మా చేను గట్టు మీద గొంతుక్కూర్చుని నాన్న యూరియాలో వేపపిండి కలుపుతున్నాడు. పక్కన అమ్మ ఆ ఘాటుకి తుమ్ముతోంది.

"కలిపి చల్లితే మందు నిదానంగా దిగుద్ది. ఉత్తినే చల్లితే సగం పక్కోడి చేలోకి పోద్ది" అన్నాడు నాన్న. పక్కోడంటే మా కోటయ్య మావయ్య. ఇద్దరి చేలకీ గట్టు ఒకటే... నోళ్లు కూడా ఒకటే సైజు.

వరి చిరుపొట్టకొచ్చింది. అంటే వెన్ను, అదే కంకి, బయటికి రాలేదు గానీ లోపల రూపు కడుతోంది. ఆఖరి యూరియా అప్పుడే పడాలి. ముందు చేలో నీళ్లు తీసెయ్యాలి, బురద మీద మందు చల్లాలి, ఒక రోజాగి మళ్లీ నీళ్లు పెట్టాలి. నేను పుస్తకాలతో ఏడో తరగతిలోనే తెగతెంపులు చేసుకున్నవాణ్ణి... అయినా ఇది నాకూ తెలుసు. మా వైపు పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

తెలియనిదల్లా కాలవలో నీళ్లు వస్తాయా రావా అన్నదే. మాది శివారు. ఘంటసాల వైపు చేలన్నీ తాగి, గేదెలు ఈది, మా దాకా వచ్చేసరికి కాలవ కూడా అలిసిపోయేది. తూములు తెరిచే లస్కరు మా ఊరికి కలెక్టరు కంటే పెద్ద. నేను భుజాన కర్ర పెట్టుకుని ఆయన నడక నడిచి చూపిస్తే నాన్న పడీ పడీ నవ్వేవాడు.

ఆ లస్కరే చెప్పాడు... "రేపు మీ వంతండీ" అని. ఆ మాట నమ్మి నాన్న చేలో నీళ్లన్నీ మురుగు కాలవలోకి వదిలేశాడు. సాయంత్రం మందు చల్లాడు.

మర్నాడు నీళ్లు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పైన ఎక్కడో గండి పడిందన్నారు. బురద బీటలు తీసింది. సముద్రం పక్క నేల కదా... ఆరితే చాలు, అడుగునున్న ఉప్పు పైకొచ్చి తెల్లగా పూస్తుంది.

"ఇంజను తెస్తా బావా, మురుగు కాలవలోంచి తోడదాం" అన్నాడు కోటయ్య మావయ్య.

ఆ కాలవ సముద్రంలో కలిసేది. ఆటు మీద నీళ్లు మంచివే. పోటు మీద సముద్రమే వెనక్కి ఎక్కి వస్తుంది. అందుకని తోడే ముందు ఎవరో ఒకరు ఆ నీళ్లు నోట్లో పోసుకుని చూడాలి. చూసేవాళ్లు పరగడుపున ఉండాలి, ఉప్పు తిన్న నోటికి ఉప్పు తెలీదు... అదీ మా పద్ధతి.

నాన్న అప్పుడే చద్దన్నంలో ఉప్పుచేప నంజుకుని వచ్చాడు.

"ఉండండి, నేను చూస్తా. నేనింకా ఏం తిన్లేదు" అంది అమ్మ, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని.

"కూరలో ఉప్పే తెలవదు నీ నోటికి, కాలవలో ఉప్పు తెలుసుద్దా?" అన్నాడు నాన్న.

మావయ్య పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

నాన్న దోసిలి పట్టి, పుక్కిలించి ఊశాడు. "చప్పగా ఉన్నయ్. తిప్పు బావా!"

నీళ్లు బీటల్లోకి గటగటా దిగుతుంటే నాన్న మొహం చూడాలి... చంటిపిల్లకి పాలు పడుతున్నట్టే.

చాలాసేపటికి అమ్మ గొట్టం దగ్గర కాళ్లు కడుక్కుంటూ తడిచెయ్యి నాలికకి తాకించుకుంది.

"ఏవండీ..." మళ్లీ ఒకసారి చూసింది. "ఉప్పండీ."

"నీ మొహం" అంటూనే నాన్న కాలవలోకి దిగాడు. నోరు కడుక్కున్నాడు... దేంతో? ఆ నీళ్లతోనే. మళ్లీ దోసిలి పట్టాడు. ఈసారి ఊయలేదు, మింగాడు.

"ఇంజనాపు బావా."

అప్పటికే చేను సగం తడిసింది.

ఆ వారంలోనే కాలవకి మంచినీళ్లొచ్చాయి... ఎర్రగా, నిండుగా. పెట్టి తీసి, పెట్టి తీసి చేను కడిగారు. కుదుళ్లని పట్టిన ఉప్పు వదల్లేదు గానీ, యూరియా మాత్రం శుభ్రంగా కొట్టుకుపోయింది.

ఆ సార్వా పంటలో వెన్నులు తెల్లగా, నిటారుగా నిలబడ్డాయి. వంగడానికి లోపల గింజ ఉండాలి కదా... నాన్న ఒక వెన్ను దూసి, అరచేతిలో పోసుకుని ఊదాడు. మొత్తం ఎగిరిపోయింది. అంతా తాలే.

ఆ యేడు మా ఇంట్లో మొదటిసారి బియ్యం కొన్నారు. నాన్న బస్సు దిగి, సంచి మీద తువ్వాలు కప్పి, పెద్ద వీధి మానేసి సందుల్లోంచి తెచ్చాడు. ఎదురొచ్చినవాళ్లు "ఏంటి బాబాయ్?" అంటే "తవుడురా, గేదెకి" అన్నాడు. అమ్మ వండి వడ్డించింది. నాన్న ముద్ద కలుపుతూ... కలుపుతూనే కూర్చుని, తినకుండానే లేచాడు. ఆ కంచం ముందు మాత్రం నాకు నాన్నని నవ్వించే ఏ వేషమూ వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

ఇప్పుడా చేలో రొయ్యల చెరువు. ఆ ఉప్పునీళ్లే కావాలని తోడతారు. సరిపడా ఉప్పు లేకపోతే దిగులు పడతారు. మా ఊళ్లో ఇంచుమించు అందరం బియ్యం కొనుక్కునే తింటున్నాం... అది దాచుకోవాల్సిన సంగతని ఇప్పుడు ఎవరికీ అనిపించదు.

మీలో వరి పండించిన ఇళ్లవాళ్లు ఉంటే చెప్పండి... మీ ఇంటికి మొదటిసారి కొన్న బియ్యం వచ్చిన రోజు, కంచం ముందు నుంచి తినకుండా లేచింది ఎవరు?