బోర్లా పడుకున్న రాణెమ్మ

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నాకున్న ఆస్తులు రెండే. ఒకటి ఎనిమిదో తరగతి దాటని చదువు, రెండోది కొత్తగా ఒత్తుగా వచ్చిన మీసం. మొదటిదాన్ని చూసి ఎవరైనా చులకన చేస్తే రెండోదాన్ని దువ్వి జవాబు చెప్పేవాణ్ణి. కోడుమూరులో వేరుశెనగ మిల్లులో (మా వైపు బుడ్డల మిల్లు అంటే గానీ ఎవరికీ తెలియదు) గుమాస్తా పని. అన్నం వేళ గ్రంథాలయంలో కూర్చుని చరిత్ర పుస్తకాలు చదివేవాణ్ణి, చదివేకొద్దీ ఒళ్లు మండేది. గుర్రమెక్కి సేనను నడిపిన రుద్రమదేవికి ఒక పేరా, ఆమె మనవడికి రెండు పేజీలు. ఆ పేరాలో కూడా సగం ఆమెను మగపిల్లవాడిలా ఎట్లా పెంచారన్న ముచ్చటే. మరి కోటలు కాచిన తక్కిన ఆడవాళ్లు ఏమైపోయారు? ఒక్కరికైనా పేరు ఉండొద్దా? (ఈ మంట ఇప్పటికీ చల్లారలేదు. మొన్న మనవరాలి పుస్తకం తిరగేశాను. పేరా అదే, బొమ్మకు మాత్రం రంగులేశారు.)

మా ఊరి జొన్న చేల గట్టు మీద ఒక వీరగల్లు ఉండేది, యుద్ధంలో చచ్చినవాళ్ల గుర్తుగా నిలబెట్టే రాయి. దాని మీద గుర్రం, గుర్రం మీద కత్తి ఎత్తిన మనిషి, ఆ మనిషి తల వెనక కొప్పు. ఆడమనిషేనని నేను తేల్చేశాను. తేల్చి ఊరుకోకుండా, బడిలో చరిత్ర చెప్పే ఐవారితో టీ అంగడి ముందు అన్నాను.

"ఆడదా? గుర్రమ్మీదా? ఏమప్పా, బుడ్డల దుమ్ము కండ్లల్లో పడిందా ఏమి?" అన్నారాయన.

"ఆడమనిషే ఐవారూ. కాకుంటే సగం మీసం తీయించుకుని సంతలో తిరుగుతా."

"అయితే నాదీ అదే పందెం. యా పక్క సగమో ఇప్పుడే చూసిపెట్టుకో."

ఆ సాయంత్రమే పురావస్తు శాఖకు ఉత్తరం రాశాను. ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేదు. నేను మరిచిపోయాను, మీసం కూడా మరిచిపోయింది. ఒక బుధవారం మిల్లుకు కార్డు వచ్చింది, గురువారం పొద్దున తమ అధికారి వచ్చి రాయిని చూస్తారని. మిల్లు యజమానికి కడుపునొప్పి అని చెప్పి (అప్పటికి అది నిజమే) బస్సెక్కి నేరుగా గట్టు దగ్గరికి పోయాను. రాయి లేదు. రాయి ఉన్నచోట గుంత ఉంది. గుంతలో ఒక తొండ కూర్చుని నన్ను చూసి తలూపింది.

పరుగున ఇంటికొచ్చాను. సందులో మా నాయన తల్లి, మా జేజి, బట్టలు ఉతుకుతోంది.

"జేజీ, గట్టు మీది రాయి యాడికి పాయె?"

"యాడికీ పోలే. దాని మీదనే నీ పంచె ఉతుకుతాండా."

సందులో ఉతికే బండ పగిలిపోయిందట. మగవాళ్లను అడిగితే రేపు మాపు అన్నారట. చివరికి ఎనిమిదిమంది ఆడవాళ్లు జేజి వెంట పోయి, రాయిని పెకలించి బండి మీద తెచ్చుకున్నారు.

"మరి బొమ్మ?"

"కింద ఉండాది. రాణెమ్మ మొగం మీద సబ్బునీళ్లు పడగూడదని బోర్లా పండబెట్టినాం."

"రాణెమ్మ అని నీకెవరు చెప్పినారు?"

"మా అత్త చెప్పింది. దండు నడిపిన యమ్మంట. నువ్వేందిరా, కొత్తగా కనిపెట్టినట్టు అడుగుతాండావు?"

ఊరందరితో వాదించిన నేను ఆమెను ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అయినా అత్తగారి మాటను అధికారి రాసుకుంటాడా? దింపేటప్పుడు బొమ్మ పగిలి ఉంటే? అద్దం ముందు నిలబడి మూతికి ఒక పక్క అరచెయ్యి అడ్డం పెట్టి చూసుకున్నాను. తర్వాత రెండో పక్క. ఏ పక్క పోయినా బాగుండేటట్టు లేదు.

పొద్దున జీపు వచ్చింది. దాని వెనకే ఐవారు వచ్చారు, జేబులో కత్తెరతో. మగవాళ్లం అయిదుగురం పట్టినా రాయి కదల్లేదు. జేజి కొంగు నడుముకు బిగించి "జరగండప్పా" అంది. ఇద్దరికి గడ్డపారలిచ్చింది, నలుగురికి తాడిచ్చింది, ఇద్దరిని చెక్కమొద్దులతో పక్కన నిలబెట్టింది. "నేను ఊఁ అన్యాకే. అంతకుముందు ఎవతన్నా చెయ్యి కదిలించిందా, చూసుకోండి." ఒక్క ఊఁతో రాయి పక్కకు లేచింది, రెండో ఊఁతో వెల్లకిలా తిరిగింది. అధికారి రెండడుగులు వెనక్కి వేశారు.

బొమ్మకు దెబ్బ తగల్లేదు. కానీ ఆయన వంగి చూసి, "కొప్పును బట్టి చెప్పలేమండీ. ఆ కాలంలో మగవాళ్లూ కొప్పు ముడిచేవారు, చెవులకు పోగులు పెట్టేవారు" అన్నారు. ఐవారి జేబులో కత్తెర టిక్కుమంది. నా చెయ్యి మీసం మీదికి పోయింది. జేజి చెంబెడు నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో బొమ్మ రొమ్ము మీద అంటుకున్న మన్ను తోమింది.

"సామీ, ఈడ చూడు. ఇవి మొగోనికి ఉంటాయా?"

అధికారి గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ, "స్త్రీ అనే రాసుకుంటాను" అన్నారు.

నేను మీసం దువ్వబోతున్నాను. అంతలో ఆయన కలం తీసి, "రాయిని భద్రంగా ఉంచి, ఇప్పుడు ఎత్తించిన ఆ పెద్దావిడ పేరు?" అన్నారు. జేజి అప్పటికే సగం ఉతికిన బట్టల మూట ఎత్తుకుని, తన దండుతో ఇంకో బండ వెతకడానికి పోయింది. నేను నోరు తెరిచాను. నాయన అమ్మా అంటాడు, మేము జేజీ అంటాం, ఊరంతా పెద్దజేజి అంటుంది. పేరు? నాయన చేనికి పోయాడు. కలం ఆగి ఉంది. ఐవారు చూస్తున్నారు. నా పేరు చెప్పేశాను.

ఐవారు పది రోజులు సెలవు పెట్టి, మొత్తం మీసం తీయించుకుని తిరిగొచ్చారు. ఏడాదికి ఆ రాయి సంగతితో పురావస్తు శాఖ అచ్చుపుస్తకం వచ్చింది. "నా పేరుందా రా దాంట్లో?" అంది జేజి. ఉండాదన్నాను. "ఏమని ఉండాది, చదువు" అంది. నేను పేజీ తిప్పాను, మళ్లీ తిప్పాను. ఆమె నా ముఖం చూసి పండ్లులేని నోటితో నవ్వింది. "నీకు తెల్దు గదా. మా యమ్మ పోయినాక ఆ పేరుతో ఎవరు పిలిచినారని." కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని చెప్పింది. నేను ఆ పేరే పుస్తకంలో ఉన్నట్టుగా పైకి చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

ఆ రాయి ఇప్పుడు బడి ఆవరణలో సిమెంటు దిమ్మె మీద నిలబడి ఉంది. కనుగొన్నవారు అని పలక మీద నా పేరే ఉంది. మార్చమని పంచాయతీకి మూడు అర్జీలు పెట్టాను. ఆధారం చూపించమంటున్నారు. ఆధారం నేనేనంటే నవ్వుతున్నారు. ఆ దారిన పోయినప్పుడల్లా, ఏడు వందల ఏండ్ల నాటి ఆడవాళ్లకు పేర్లు లేవని ఊగిపోయిన ఆ మీసాల కుర్రవాడు గుర్తొస్తాడు. ఇప్పుడు మీసం ఉంచడం లేదు. గీసుకునేటప్పుడు ఒక పక్క అయ్యాక కాసేపు ఆగి, అద్దంలోకి చూసి నవ్వుకుంటాను. పందెం ఓడింది ఎవరో అప్పుడు ఎవరికీ తెలియలేదు. జేజి పేరు సుంకులమ్మ.