గుడ్లగూబకు తోడు

మా మరిదిని బజారులో అందరూ గుడ్లగూబ అని పిలుస్తారు. రాత్రిపూట ఫోటోలు తీస్తాడు కాబట్టి ఆ పేరు. పిలిస్తే పలుకుతాడు, నవ్వుతాడు కూడా. అసలు సంగతి ఏమిటంటే పొద్దు వాలితే అతనికి ఎదురుగా ఉన్న మెట్టు కనబడదు. రేచీకటి. వెలిగే బల్బు కనిపిస్తుంది, ఆ బల్బు కింద ఉన్న గుంట కనిపించదు. ఈ సంగతి చాలా ఏళ్ళు ఇద్దరికే తెలుసు. ఒకరు అతను, ఇంకొకరు మా ఆయన. మా ఆయన పోయాక గాని నాకు తెలియలేదు.

పదహారో ఏట ఒక ఫోటో స్టూడియోలో చేరాడు మా మరిది. మొదట్లో ఫోటోల అంచులు కత్తిరించడమే పని. తరవాత మనుషుల్ని బల్ల మీద కూర్చోబెట్టి గడ్డం పైకెత్తమనడం, కిందికి దించమనడం. కెమెరా ఫోన్లు వచ్చాక ఆ స్టూడియో మూతబడింది. యజమాని వెళ్తూ వెళ్తూ తన పాత డిజిటల్ కెమెరా ఇతని చేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకుని తిరుగుతుంటే ఒక లైట్ల కాంట్రాక్టరు దొరికాడు. పెద్ద పెద్ద భవనాలకు బయట రంగు లైట్లు బిగించే మనిషి. పని అయిపోయాక లైట్లన్నీ వెలిగించి ఫోటో తీయించుకుని, దాన్ని చూపించి కొత్త పనులు తెచ్చుకుంటాడు. ఆ ఫోటోలు తీయడం మా మరిది వంతు. తొమ్మిదేళ్ళుగా అదే బతుకు. రాత్రి కనబడనివాడు రాత్రి పనిలోనే ఎందుకు చేరాడంటే, దొరికింది అదొక్కటే.

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. వారంలో ఒకటి రెండు సాయంత్రాలు ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, తమ్ముణ్ణి స్కూటరు వెనక ఎక్కించుకుని వెళ్ళిపోయేవాడు.

"వచ్చీ రాగానే తమ్ముడి తోక పట్టుకుని పోవడమేనా?" అనేదాన్ని.

"వాడి స్టాండు బరువే, ఒక్కడూ మోయలేడు" అనేవాడు.

మూడు కాళ్ళ ఆ స్టాండును నేను ఒక్క చేత్తో ఎత్తగలను. ఆ మాట కూడా అన్నాను. నవ్వి స్కూటరు బయటికి తీశాడు.

ఏడు నెలల క్రితం ఒక మధ్యాహ్నం, మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఆ తరవాత నెలన్నరకు మా మరిది ఒక్కడే ఒక బ్యాంకు భవనం ఫోటోలు తీయడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మోకాలి కింద చర్మం లేచిపోయి ఉంది.

"ఏం తగిలింది?" అన్నాను, నీళ్ళు పోసి కడుగుతూ.

"సిమెంటు దిమ్మ."

"అంత దిమ్మ కనబడలేదా?"

మోకాలు వెనక్కి లాక్కున్నాడు. తరవాత, "నాకు రాత్రిళ్ళు ఎప్పుడూ కనబడదు వదినా. అన్నయ్యే..." అని ఆగిపోయాడు. నేను గిన్నెలో నీళ్ళు మార్చడానికి లోపలికి వెళ్ళాను.

ఆ బ్యాంకు ఫోటోలు కూడా పాడయ్యాయి. అది ఇతను మాత్రమే చేయగల తప్పు. తనకు బాగా కనబడాలని కెమెరా వెనక ఉండే తెరను ఎప్పుడూ పూర్తి వెలుతురులో పెట్టుకుంటాడు. చుట్టూ చీకటి, ముందు మెరిసే తెర. అందులో ఏ ఫోటో అయినా ధగధగలాడుతుంది. ఇంటికొచ్చి పగటి వెలుగులో చూస్తే మసి పూసినట్టుంది. తెరను నమ్మకూడదు, పక్కన వచ్చే వెలుతురు గ్రాఫ్ చూడాలి. ఆ గీత ఎడమ గోడకు అతుక్కుపోయిందంటే ఫోటో నల్లబడిందని లెక్క. ఇవన్నీ అతనికి తెలియనివి కావు. దెబ్బ తగిలిన కంగారులో మరిచాడు. "గ్రాఫ్ చూశావా?" అని వెనకనుంచి అడిగే మనిషి లేడు.

కాంట్రాక్టరు కేకలేమీ వేయలేదట. "ఇంకొక్కసారి ఇలా అయితే వేరేవాణ్ణి చూసుకుంటాను, ఏమీ అనుకోకు" అన్నాడట. ఆ తరవాత వచ్చిన పని నది మీద కొత్త వంతెన.

"నేనొస్తాను" అన్నాను.

"నువ్వా? నలుగురూ ఏమనుకుంటారు?"

"వదిన స్టాండు మోస్తోందనుకుంటారు."

ఆ వారమంతా పగటిపూట వంటింటి బల్ల మీద కెమెరా పెట్టి నాకు నేర్పాడు. చీకట్లో కెమెరా తనంతట తాను గురి కుదుర్చుకోలేదు, పోయిన తాళంచెవి వెతికినట్టు ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. అందుకని పొద్దుండగానే వెళ్ళి గురి కుదిర్చి, లెన్సు మీద తిరిగే చక్రం మళ్ళీ కదలకుండా దానికి టేపు అంటించెయ్యాలి. చీకటి కదా అని, కెమెరా తక్కువ వెలుగును కూడా పట్టేలా చేసే ఐఎస్ఓ నంబరు పెంచితే ఫోటో నిండా ఇసుక చల్లినట్టుంటుంది, దాన్ని తగ్గించి షట్టరునే ఎక్కువ సెకన్లు తెరిచి ఉంచాలి. స్టాండు మధ్య కడ్డీ పైకి లాగకూడదు, ఊగుతుంది. బరువు కోసం సంచి దాని కిందే వేలాడదీయాలి. మీట నొక్కిన వేలి అదురు కూడా ఫోటోలో పడుతుంది, అందుకని నొక్కిన రెండు సెకన్లకు తీసేలా పెట్టాలి. ఆకాశం పూర్తిగా నల్లబడేదాకా ఆగకూడదు, సూర్యుడు దిగాక కాసేపు ముదురు నీలం ఉంటుంది, అప్పుడే తీయాలి.

"ఇన్ని గుర్తుండాలా నాకు?" అన్నాను.

"అవి నాకు గుర్తుంటాయి. నువ్వు నేల చూడు చాలు."

వంతెన పని రోజు నాలుగున్నరకే నది గట్టు మీదికి చేరాం. గురి చూసి టేపు అంటించాడు. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ నేల పల్లంగా ఉందో నేను చూసి పెట్టుకున్నాను. ఆరుంపావుకు, వెలుతురు పల్చబడ్డాక కాంట్రాక్టరు వచ్చాడు.

"ఇక్కడినుంచి కాదయ్యా. అదిగో, ఆ మెట్లు దిగి నీళ్ళ పక్కనుంచి తియ్యి. మూడో స్తంభం పెద్దగా పడాలి. ఇంకో సంగతి, లైట్లు ఆరూ నలభైకి వేస్తారు, పది నిమిషాలే. జనరేటరు మీద నడుపుతున్నారు."

ఆ మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ లేదు. కింద నీళ్ళు. మా మరిది ముఖం నేను చూడలేదు, చూస్తే నా ముఖం కూడా మారేది. స్టాండు భుజాన వేసుకుని ముందు నడిచాను. అతను నా భుజానున్న సంచి పట్టీ పట్టుకున్నాడు. కాంట్రాక్టరు వింటున్నాడని, నాలో నేను గొణుక్కుంటున్నట్టు చెప్పుకుంటూ పోయాను.

"ఏం మెట్లివి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇదిగో ఇక్కడ విరిగింది కూడా, నా కాలే జారింది. ఇంకా మూడున్నాయి దిగడానికి."

"నెమ్మదిగా దిగమ్మా" అన్నాడు కాంట్రాక్టరు వెనకనుంచి. సరే సార్ అన్నాను.

కింద స్టాండు నిలబెట్టాం. చోటు మారింది కాబట్టి టేపు పీకెయ్యాల్సి వచ్చింది. వంతెన మాత్రం నల్లగా ఉంది, గురి చూడడానికి ఏమీ లేదు.

"వదినా, మూడో స్తంభం దగ్గరికెళ్ళి ఫోను లైటు నా వైపు చూపించు. దాన్ని చూసి గురి పెడతాను."

అతన్ని నీళ్ళకు నాలుగడుగుల దూరంలో వదిలి వెళ్ళాలి. "కదలకు" అన్నాను చిన్నగా.

"కదలను."

ఆ స్తంభం ఇంకా గట్టు మీదే, నీళ్ళ అంచున ఉంది. దాని దగ్గర నిలబడి లైటు పట్టుకున్నాను. నీళ్ళ మీద మిగిలిన కాస్త వెలుగులో వాళ్ళిద్దరి ఆకారాలు కనబడుతున్నాయి. కాంట్రాక్టరు ఫ్లాస్కులోంచి టీ పోసి కప్పు చాచాడు. మా మరిది అందుకోలేదు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది. అందుకోమని ఇక్కడినుంచి అరవనా? అరిస్తే ఉన్న ముసుగు కూడా పోతుంది. కప్పు ఇంకాస్త దగ్గరికి వచ్చింది. మా మరిది కెమెరా మీద చేతులు పెట్టుకుని నేరుగా నావైపే చూస్తున్నాడు. చివరకు కాంట్రాక్టరు ఆ కప్పు మెట్టు మీద పెట్టేశాడు. తరవాత ఖాళీ చేతిని మా మరిది ముఖం ముందు మెల్లగా ఆడించాడు.

అప్పుడే లైట్లు వెలిగాయి. ఆ చివరినుంచి ఈ చివరిదాకా వంతెన ఒక్కసారిగా నీలంగా నిలబడింది. నేను పరుగులాంటి నడకతో వచ్చేశాను. మా మరిది అప్పటికే పనిలో ఉన్నాడు. మీట నొక్కుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు.

"గ్రాఫ్ చూశావా?" అన్నాను.

అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చూశాడు. సెకన్లు పెంచాడు.

పది నిమిషాలకు లైట్లు ఆరిపోయాయి. కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"గుడ్లగూబా, నేను ఎన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పు."

"మీరు చెయ్యెత్తిన సంగతే నాకు తెలీదు సార్."

"ఎన్నాళ్ళనుంచి?"

"మీ దగ్గర చేరకముందునుంచే."

"మీ అన్నకి తెలుసా?"

"తెలుసు. అందుకే వచ్చేవాడు."

"తొమ్మిదేళ్ళు ఇద్దరూ కలిసి నా కళ్ళు కప్పారన్నమాట" అన్నాడు. కోపమో మెప్పో తెలియలేదు. "నువ్వు నా పని మీద ఉండి ఆ నీళ్ళలో పడితే నేనెవరికి సమాధానం చెప్పాలయ్యా?"

"నేనొస్తాను సార్ ఇకమీద" అన్నాను నేను.

"మీకు కెమెరా పని ఏమొచ్చమ్మా?"

"కెమెరా పని అతనికి వచ్చు. నేను మెట్లు లెక్కపెడతాను."

కాంట్రాక్టరు ఫ్లాస్కు మూత బిగించాడు. ఫోటోలు కంప్యూటర్లో చూసి పొద్దున చెప్తానన్నాడు. ఆ రాత్రి ఇద్దరం అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాం, అంతే.

పొద్దున తొమ్మిదికి ఫోను వచ్చింది. ఫోటోలు బాగున్నాయట. ఒక్కడే వస్తే మాత్రం పని ఇవ్వనన్నాడు, వదినగారిని తీసుకుని రమ్మన్నాడు. వచ్చే పని ఒక ఆఫీసు భవనం. ఎదురుగా కడుతున్న అయిదంతస్తుల మేడ పైకెక్కి తీయాలి. "పిట్టగోడ ఇంకా లేవలేదు. కుదరదంటే ఇప్పుడే చెప్పండి" అన్నాడు.

మా మరిది ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి నావైపు చూశాడు.

"పగలు ఒకసారి చూసొచ్చి చెప్తామను" అన్నాను.

ఆ మధ్యాహ్నమే వెళ్ళాం. మెట్ల గది తలుపునుంచి మేడ అంచుదాకా పదకొండు అడుగులు. అయిదో అడుగు దగ్గర స్టాండు పెట్టుకుంటానన్నాడు. ఆరో అడుగు దగ్గర సుద్దతో అడ్డంగా లావుపాటి గీత గీశాను.

"చీకట్లో ఆ గీత నాకు కనబడదు కదా" అన్నాడు.

"అది నీకు కాదు, నాకు. నేను నిలబడేది అక్కడే, నీకెదురుగా, అంచుకు వీపు పెట్టి. నువ్వొక్క అడుగు ముందుకేస్తే నాకే తగులుతావు."

"నువ్వు ఫోటోలో పడతావేమో."

"కూర్చుంటాలే."

అతను కాంట్రాక్టరుకు ఫోను చేసి వస్తున్నామని చెబుతుంటే, నేను అంచుదాకా వెళ్ళి ఒక్కసారి కిందికి చూశాను. వెంటనే వెనక్కి వచ్చి గీత మీద కూర్చున్నాను. కూర్చున్న చోటునుంచే సుద్దతో ఆ గీతను ఇంకోసారి దిద్దాను.