ఓడ వచ్చిన రోజుల్లో మా పెద్దనాన్న లేడు

మా పెద్దమ్మ దర్జీ. పాత ఊళ్లో కోట గోడ కిందుగా ఎక్కే రాళ్ల సందులో ఆమె ఇల్లు. కింద రెండు గదులు, పైన ఒకటి. కుట్టుమిషను పైగదిలో కిటికీకి ఆనించి ఉంటుంది, ఆ ఇంట్లో సరైన వెలుతురు వచ్చేది అక్కడొక్కచోటే మరి. పొద్దున్నే మిషను ముందు కూర్చుంటే మళ్లీ భోజనం వేళకే లేస్తుంది. దారం తెగినప్పుడు మాత్రం తలెత్తి, కళ్లకి విశ్రాంతిగా కాసేపు సందులోకి చూస్తుంది. ఆ చూపే కొంప ముంచింది.

పెద్దమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్దనాన్న బస్సుల షెడ్డులో మెకానిక్కు. పెళ్లికి ముందు చిరిగిన ప్యాంటు కుట్టించుకోడానికి వచ్చాడట. వారం తిరక్కుండా అదే ప్యాంటు మరోచోట చింపుకుని వచ్చాడట. మళ్లీ వచ్చేసరికి పెద్దమ్మ, "బట్ట పాడుచేసుకోడం ఎందుకండీ, అడగదలుచుకున్నదేదో అడిగెయ్యండి" అందట. అదీ వాళ్ల ప్రేమకథ. అందులో సముద్రం ఎక్కడా లేదు. పెద్దనాన్నకి రేవు దాటించే పడవెక్కినా కడుపులో తిప్పుతుంది. అవతలి ఒడ్డుకి వెళ్లాలంటే చుట్టు తిరిగి వంతెన మీదుగా పోయేవాడు.

రెండేళ్ల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. డాక్టరమ్మ పెద్దమ్మని పక్కకి పిలిచి, "మందులకంటే మనుషులు ముఖ్యం. గుమ్మంలో కూర్చోబెట్టండి, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడనివ్వండి. మూల కూర్చోబెట్టారంటే రావాల్సిన మాటా రాదు" అని చెప్పింది. ఆ రోజు నుంచి గుమ్మం పక్కన ఆయన కుర్చీ పడింది. ముందు ఊఁ, ఆఁ. తర్వాత ఒక్కో మాట. ఏడాది గడిచేసరికి, ఎదురింటి టీకొట్టామె గ్లాసు తెచ్చిస్తే "నీళ్లలో... పాలు... కలిపావా?" అనేదాకా వచ్చాడు. ఆ రోజు పెద్దమ్మ పైన మిషను ఆపేసి ఏడ్చింది.

అప్పుడు మొదలయ్యాయి ఓడలు. ఊరంత ఓడ పొద్దున రేవులో ఆగుతుంది. అందులోంచి దిగిన విదేశీ జనం బస్సుల్లో ఊళ్లోకి వస్తారు. కోట, పాత బజారు, మా సందు చూసుకుని సాయంత్రానికి మళ్లీ ఓడెక్కేస్తారు. వాళ్ల ముందు ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని ఒక గైడు. సందు చివర చెప్పుల కొట్లో నా ఉద్యోగం. ఆ రాళ్ల మీద కాళ్లు బొబ్బలెక్కిన వాళ్లంతా మా కొట్టుకే వస్తారు కాబట్టి వాళ్ల భాష నాకు బాగానే పట్టుబడింది.

ఒకరోజు చెప్పుల పెట్టె పట్టుకుని ఆ గుంపు వెనకాలే దిగుతున్నాను. గైడు పెద్దమ్మ కిటికీ కింద ఆగి గొంతు తగ్గించాడు. "పైకి చూడండి, కానీ వేలు పెట్టి చూపించకండి. ఆవిడ భర్త నావికుడు. పెళ్లయిన ఏడాదికే సముద్రంలో మునిగిపోయాడు. ఓడ వచ్చిన ప్రతిరోజూ ఆవిడ ఇలా కిటికీలో కూర్చుని, ఆయన కోసం చొక్కా కుడుతూ ఎదురుచూస్తుంది" అన్నాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. పైన పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు చికిలించి తంటాలు పడుతోంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా పెద్దనాన్న ప్రాణాన్ని వాడు అంత తేలిగ్గా పంచిపెట్టేశాడు!

ఇంటికెళ్లి చెబితే పెద్దమ్మ ముందు పగలబడి నవ్వింది. "ఏవండీ, విన్నారా? మీరు పోయి చాలా ఏళ్లయిందట. మరి రాత్రి కూరలో ఉప్పు లేదని గొడవ చేసిందెవరు?"

పెద్దనాన్న తీరిగ్గా ఆలోచించి, "దె... య్యం" అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఓడ లేని రోజు చూసి గైడు బిస్కెట్ల డబ్బాతో ఇంటికొచ్చాడు. "పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. గుమ్మంలో బాబాయిగారిని చూసి వాళ్లు ఈయనెవరని అడుగుతున్నారు. కథ దెబ్బతింటోంది. ఓడ వచ్చిన పూట ఆయన్ని కాస్త లోపల కూర్చోబెడితే..."

పెద్దమ్మ డబ్బాతో సహా వాణ్ని సాగనంపింది. కానీ సందు ఊరుకుందా? కథ వింటూ జనం అక్కడ ఆగుతారు, ఆగినవాళ్లు టీ తాగుతారు, బొమ్మలు కొంటారు. టీకొట్టామె, బొమ్మల కొట్టాయన కలిసి వచ్చారు. "ఒక్క పూటేగా అక్కా" అన్నారు. పెద్దనాన్న ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వంతులేసుకుని క్యారియర్లు మోసినవాళ్లు వాళ్లే. ఎవరికీ తల వంచని పెద్దమ్మ, ఆ క్యారియర్లకి వంచింది.

ఒక్క పూటట! ఓడలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఎర్ర గొడుగు కనపడగానే పెద్దనాన్నని కిటికీ లేని వెనకగదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికి వేసేవాళ్లం. బయట నవ్వులు, అడుగులు వినిపిస్తుంటే ఆయన గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. తిరిగొచ్చిన మాటలు ఒక్కొక్కటే జారిపోవడం మొదలైంది. ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ఒకరోజు ఓడ లేదు. పెద్దమ్మ గుమ్మం పక్కన కుర్చీ వేసి రమ్మని పిలిచింది. ఆయన తలుపు పట్టుకుని నిలబడిపోయాడు, గడప దాటలేదు. ఎడమచేత్తో తన గుండెల మీద తట్టుకుని, నోరు కూడదీసుకుని అడిగాడు.

"నేను... ఉండొచ్చా?"

పెద్దమ్మ మొహం కత్తివేటుకి నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయింది.

మర్నాడు ఓడ వచ్చింది. కుర్చీ గుమ్మంలోనే ఉంది, కుర్చీలో పెద్దనాన్న ఉన్నాడు. పని మానుకుని నేను పక్కనే నిలబడ్డాను. గైడు చూసి గతుక్కుమన్నాడు, అంతలోనే సర్దుకున్నాడు. "ఈయన ఆ నావికుడి తండ్రి. ముసలాయన కూడా కొడుకు కోసమే చూస్తున్నాడు" అని జనానికి చెప్పాడు. జనం అయ్యో అన్నారు. నేను అదే ముక్క తెలుగులో, పైనున్న పెద్దమ్మకి వినపడేలా అరిచి చెప్పాను.

మెడలో టేపు తియ్యకుండానే పెద్దమ్మ దిగొచ్చింది. "నేను చెప్పింది చెప్పినట్టు వీళ్లకి చెప్పు. ఈయన నా మొగుడు. బతికే ఉన్నాడు. బస్సులు బాగుచేసేవాడు, పడవెక్కితే వాంతి చేసుకుంటాడు. నేను ఎవరికోసమూ ఎదురుచూడ్డం లేదు. దారం తెగితే తలెత్తుతాను, అంతే!"

ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. వాంతి దగ్గర ఒకావిడ ఫక్కున నవ్వింది. ఒక పెద్దాయన గైడు వైపు తిరిగి, "అయితే పొద్దున కోటలో చెప్పిన రాణి సంగతేంటి?" అని నిలదీశాడు. వాడు గొడుగు పైకెత్తి గబగబా ముందుకి నడిచాడు. గుంపు టీ తాగకుండా, బొమ్మలు చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం గైడు, టీకొట్టామె, బొమ్మల కొట్టాయన ముగ్గురూ ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చున్నారు. పెద్దనాన్న అక్కడే ఉన్నా ఆయన్ని ఎవరూ పలకరించలేదు. గైడే మొదలుపెట్టాడు. "బాబాయిగారిని బయటే కూర్చోనివ్వండి పిన్నిగారూ, మాకేం అభ్యంతరం లేదు. మీ మామగారని మాత్రం చెప్పుకుంటాం. ఒక్క మాటేగా, ఏం పోతుంది?"

పెద్దమ్మ అరుస్తుందని అనుకున్నాను. అరవలేదు. నెమ్మదిగా టీకొట్టామె వైపు తిరిగింది. "నిజమే, ఏం పోతుంది. నీకూ కిటికీ ఉందిగా. రేపట్నుంచి దానికింద చెప్పించుకో, మీ ఆయన సముద్రంలో కొట్టుకుపోయాడని."

ఆమె రెండు చెవులూ మూసుకుంది. "ఛీ ఛీ! అవేం మాటలక్కా? పచ్చగా తిరుగుతున్న మనిషిని పట్టుకుని!"

"పోనీ నువ్వు" అంది పెద్దమ్మ బొమ్మల కొట్టాయనతో. "మీ ఆవిడ పోయిందని చెప్పిద్దాం. నువ్వు కిటికీలో కూర్చో."

ఆయన లేచి నిలబడ్డాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా. మా ఇంట్లో అలాంటి మాటలు అచ్చిరావు."

గైడు తలొంచుకుని గొడుగు పిడి తిప్పుతున్నాడు. వాణ్ని ఆమె అడగనే లేదు.

"మీ ఇంట్లో అంటే అపశకునం, మా ఇంట్లో అంటే వ్యాపారమా?" అంది పెద్దమ్మ.

ముగ్గురూ ఒకరి వెనక ఒకరు లేచారు. గుమ్మానికి వెళ్లాలంటే పెద్దనాన్న కుర్చీని రాసుకుంటూ పోవాల్సిందే. ఆయన మొహంలోకి చూడకుండా, తలలు తిప్పుకుని దాటారు. చూస్తే, మనిషి బతికున్నాడని ఒప్పుకోవాలి కదా.