వరహాలమ్మగారి మేడగది

అనకాపల్లి కొత్తగా జిల్లా కేంద్రమైన ఏడాది, వేసవిలో, మా సంస్థ నన్ను విశాఖపట్నం ఆఫీసు నుంచి అక్కడి బ్రాంచికి పంపింది. హోదా సీనియర్ స్ట్రక్చరల్ ఇంజనీరు. కట్టడం నిలుస్తుందా లేదా లెక్క చూసి, డ్రాయింగు కింద సంతకం పెట్టి, రేపు ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పవలసిన మనిషి అన్నమాట. రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి రోజూ రైలెక్కి వెళ్ళి రావడం తప్ప పెద్ద కష్టం ఉండదనుకున్నాను. బ్రాంచి పనిలో ఎక్కువ భాగం పరవాడ వైపు కంపెనీల షెడ్లు. ఇనప స్తంభాలు, రేకుల బరువు మోసే ఇనప ట్రస్సులు, రేకులు. ఒకటి చేస్తే మిగతావన్నీ దాని నకళ్ళే.

అందుకే బెల్లం మార్కెట్టు వెనక వీధిలో ఒక పాత మేడకు మార్పులు చేయాలని కబురొచ్చినప్పుడు నేనే వెళతానన్నాను. ఇంటాయన సత్యనారాయణగారు. తాతల నాటి బెల్లం వ్యాపారం. కింద వీధి వైపు కొట్టు, వెనక గోడౌను, మేడ మీద కాపురం. ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆయన, భార్య పద్మగారు, తల్లి వరహాలమ్మగారు. కూతురు విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

మేడ మీద వీధి నుంచి పెరటి వైపుకు నాలుగు గదులు ఒకే వరుసలో ఉన్నాయి. నడవా లేదు. మొదటి గదిలోంచి రెండో గదికి, రెండో దాన్లోంచి మూడో దానికి, అలా వెళ్ళవలసిందే. మెట్లు వీధి వైపున్నాయి. నీళ్ళ గది, బట్టలారేసే డాబా వెనక వైపున్నాయి. మొదటి గదిలో కుర్చీలు, టీవీ. రెండో గదిలో వరహాలమ్మగారి మంచం. మూడోది దంపతుల గది. నాలుగోది వంటిల్లు. ఆ రోజుల్లో కట్టిన మేడలు చాలా వరకు ఇంతే. గాలి బాగా ఆడుతుంది, చాటు మాత్రం ఉండదు.

సత్యనారాయణగారి కోరిక సూటిగా ఉంది. మొదటి రెండు గదుల మధ్య గోడ తీసేసి పెద్ద హాలు చేయాలి. విశాఖలో ఎవరో బంధువుల ఫ్లాటులో అలాంటి హాలు చూశారట. జిల్లా వచ్చాక ఊళ్ళోకి కొత్త కొత్త వాళ్ళు వస్తున్నారు, ఇంటికొచ్చిన మనిషిని మంచం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టడం బాగులేదన్నారు.

మరి అమ్మగారి మంచం ఎక్కడికి వెళుతుందని అడిగాను.

"కిందకండి. గోడౌను పక్కన గదుంది కదా, అది బాగుసేయిత్తాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. కిందైతే సుఖం."

వరహాలమ్మగారు అక్కడే కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. తల ఎత్తలేదు.

ఇలాంటి ఇంట్లో మొదటి పని గోడల్ని రెండు రకాలుగా విడదీయడం. కప్పు బరువు మోసే గోడ ఒక రకం, ఊరికే గదుల మధ్య నిలబెట్టిన అడ్డుగోడ రెండో రకం. ఈ ఇంటిది మద్రాసు టెర్రస్. గోడ నుంచి గోడకు టేకు దూలాలు పెట్టి, వాటి మీద చిన్న చెక్కలు, ఆపైన సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నం దిమ్మిస కొట్టిన కప్పు. కింది అంతస్తు కప్పు కూడా అదే, అంటే మేడ మీద మనం నడిచే నేల కింద ఉన్నవీ దూలాలే. ఆయన తీసేయమన్న గోడ మీద నాలుగు దూలాల కొసలు ఆనుకుని ఉన్నాయి. తీయకూడదని కాదు. దాని బదులు ఇనప గర్డరు ఎక్కిస్తే తీయవచ్చు.

కొలతలకు మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. మా సూపర్‌వైజరు ఆ రోజు పరవాడలో ఉన్నాడు. రెండో గదిలో టేపు కొస గోడకు ఆనించి ఎవరినైనా పిలుద్దామని చూస్తుంటే వరహాలమ్మగారే లేచి వచ్చి పట్టుకున్నారు.

"ఏటి పిల్లా కొలత్తన్నావు?" అన్నారు. నాకప్పటికే జుట్టు సగం తెల్లబడింది.

"గది కొలుస్తున్నానమ్మా."

"ఇది గది కాదు, దారి. పెళ్ళయి వచ్చిన కాణ్ణించీ దార్లోనే మంచం ఏసుకుని పడుకుంటన్నాను. తెల్లారితే పాలోడి కాణ్ణించి సుట్టాల దాకా నా మంచం పక్క నుంచే పోతారు. ఒంట్లో బాగోపోయినా, కాత్త కళ్ళు మూసుకుందామన్నా, ఎవడో ఒకడు 'నిద్దరోతన్నారా' అని అడిగి మరీ లేపుతాడు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వారు. తర్వాత టేపు వదలకుండానే, లోపలి నుంచి గడియ పెట్టుకోగలిగే గది ఒకటి కావాలని, అది మేడ మీదే కావాలని అన్నారు. కింద తెల్లవారకుండానే లారీలు వస్తాయట, చీమలు మంచం దాకా పాకుతాయట.

"మరి అబ్బాయిగారితో చెప్పలేకపోయారా?"

"అడిగితే ఇత్తాడు. ఇచ్చి, హాలు పోయిందని మనసులో పెట్టుకుంటాడు. ఆడి ముచ్చట నేనెందుకు పాడుసేయాల? నువ్వే ఏదో ఒకటి గీసీ."

మా వృత్తిలో ఒక నియమం ఉంది. పని ఒప్పగించినవారే క్లయింటు. వారు అడగనిది డ్రాయింగులో చేర్చకూడదు. ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి మోయకూడదు. పాత గోడ తీస్తే ప్రమాదమని ఒక్క మాట అంటే సత్యనారాయణగారు హాలు మానేసేవారే. కాని గర్డరుతో ఆ గోడ తీయవచ్చని నాకు తెలుసు. అబద్ధం చెప్పి ఆవిడకు గది ఇప్పించడం నాకు నచ్చలేదు. అయితే క్లయింటు ముందు రెండు ప్రత్యామ్నాయాలు పెట్టడం మా పద్ధతిలో ఉన్నదే. ఆ మాటే ఆవిడతో చెప్పి, నిర్ణయం మాత్రం మీ ఇంటిదేనన్నాను.

మొదటి ప్లానులో ఆయన అడిగిన హాలు గీశాను. రెండో దాన్లో గోడలన్నీ ఉంచి, ఉత్తరం పక్కగా వీధి గది నుంచి వంటింటి దాకా సన్నటి నడవా గీశాను. అడ్డం వచ్చే మూడు గోడల్లోనూ ఆ చివర ఒక్కో ద్వారం తెరవాలి. మధ్య రెండు గదులకూ నడవాలోకి తలుపులొస్తాయి. గదిలోంచి గదికి ఉన్న పాత ద్వారాలు మూసి అలమర్లు చేయవచ్చు. నడవా గోడ ఇటుకతో కట్టకూడదు, కింది దూలాలు ఆ బరువు మోయవు. ఇనప చట్రానికి సిమెంటు బోర్డు బిగించాలి. రెండు ప్లాన్లూ నిలబడేవే అని రిపోర్టులో రాశాను. ఉత్తరం గోడ దగ్గరి దూలం కొస తడితే బోలుగా మోగింది కాబట్టి, ఏ ప్లాను చేసినా అక్కడ గోడ తెరిచి చూడాలని కూడా రాశాను.

కొట్టులో బెల్లం దిమ్మల మధ్య బల్ల మీద రెండు డ్రాయింగులూ పరిచాం. సత్యనారాయణగారు రెండోది చాలాసేపు చూశారు.

"ఈ బెడ్‌రూమ్ ఎవరికండి?"

డ్రాయింగులో గదికి పేరే గాని మనిషి పేరు రాయం. నేనింకా ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగా పద్మగారు అన్నారు, "అత్తయ్యకి."

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ డ్రాయింగు మీద నుంచి కళ్ళు తీయలేదు. "రోజూ పొద్దున్నే వాకిలి కడగడానికి బకెట్టు పట్టుకుని ఆవిడ మంచం పక్క నుంచి దొంగలాగ నడుత్తన్నాను. గాజులు సప్పుడైతే లేచిపోతారని సెయ్యి పైకెత్తుకుని పోతాను. మీకెప్పుడైనా తెలిసిందా?"

"అమ్మ కిందకెళ్తానంది కదా."

"ఆవిడ అన్లేదు. మీరన్నారు."

సత్యనారాయణగారు మెట్ల దగ్గరికి వెళ్ళి తల్లిని పిలిచారు. మోకాళ్ళ నొప్పులని కొడుకు చెప్పిన ఆవిడ మామూలుగానే దిగి వచ్చారు. కింద ఉండడం ఇష్టమా, మేడ మీదా అని కొడుకు అడిగితే, "పైనే" అన్నారు. ముందే చెప్పొచ్చు కదా అంటే, "ఇప్పుడు కదా నువ్వడిగేవు" అన్నారు.

అంతటితో తేలిందనుకుంటే పొరపాటు. హాలు ఆయన చాలా కాలంగా కోరుకున్నది. వెంటనే వదులుకోలేకపోయారు. ఉన్నవే నాలుగు గదులు, వాటిలో ఇంత చోటు నడవడానికి పోతే మనుషులుండేదెక్కడని రెండుసార్లు ఫోను చేశారు. బోర్డు గోడ మీద కూడా నమ్మకం లేదు. "అట్టముక్క గోడేటండి, మేడమ్? గట్టిగా తుమ్మితే అవతల పడిపోద్ది" అన్నారు.

కాగితం మీద గీత చూసి గది ఎంత ఉంటుందో పోల్చుకోవడం అలవాటు లేని వారికి కష్టం. అది వాళ్ళ తప్పు కాదు. అలాంటప్పుడు ప్లానును అసలు కొలతతో నేల మీదే గీసి చూపిస్తాం. మా మేస్త్రీ నూకరాజును తీసుకుని వెళ్ళి, దారానికి సుద్ద పూసి నేల మీద గీతలు కొట్టించాను. గీతలు చాలవనిపించి, పైన తాళ్ళు కట్టించి గోడల బదులు పాత చీరలు వేలాడదీయమన్నాను. గోడల్లో కొత్త ద్వారాలు ఇంకా తెరవలేదు కాబట్టి, చీరల నడవాను వెడల్పు మార్చకుండా పాత ద్వారాల వరసకు జరిపాం. పద్మగారు పెట్టె తెరిచారు. నడవా ఒక పక్క గళ్ళచీరలు, తలుపు ఉండవలసిన చోట జరీ పోయిన పట్టుచీర.

"పెళ్ళిపందిరి లాగుంది మేడమ్" అన్నాడు నూకరాజు. "బాజాలే తక్కువ."

నాలుగు రోజులు ఈ చీరల ఇంట్లో కాపురం చేసి చూడమని చెప్పి వచ్చేశాను.

మూడో రోజే సత్యనారాయణగారు ఆఫీసుకు వచ్చారు. కాసేపు బెల్లం ధరల గురించి, ఎండల గురించి మాట్లాడారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకున్నారట. నిద్ర లేచేసరికి సాయంత్రమైంది. పనిమనిషి వచ్చి వెళ్ళింది, గ్యాసు సిలిండరు వచ్చింది, పక్కింటివాళ్ళు డాబా మీద వడియాలు తీసుకెళ్ళారు. ఎవరూ ఆయన గదిలోంచి నడవలేదు.

"అంత నిద్దర ఈ ఇంట్లో నేనెప్పుడూ పోలేదండి," అన్నారు. "దారి అమ్మ ఒక్కద్దాని గదిలోంచే అనుకున్నాను. నా గదీ దారే. ఆ నడవాయే కట్టీండి."

పని మొదలైంది. ద్వారం తెరవడానికి ముందు, గోడకు రెండు వైపులా దూలాల కింద సరుగుడు కర్రలు, ఇనప జాకీలు నిలబెట్టి బరువు వాటి మీదకు మార్చాలి. తర్వాత ద్వారం నెత్తిన గోడ బరువు మోసే ఇనప లింటెల్ ఎక్కించి, అప్పుడు దాని కింది ఇటుకలు తీయాలి. వరస తప్పకూడదు. మొదటి గోడ దగ్గర సున్నం పొర రాల్చగానే, నేను అనుమానించిన దూలం కొస కనబడింది. నూకరాజు ఉలి కొస పెట్టి నొక్కితే చెక్కలో సగం దాకా దిగిపోయింది. చెద. గోడ లోపల ఉన్న భాగం తినేసింది. బయటి భాగం రంగుతో నిగనిగలాడుతూ ఉంది. ఆ దూలం వరహాలమ్మగారి మంచానికి సరిగ్గా తలవైపున ఉన్నది.

సత్యనారాయణగారు వెంటనే పని ఆపేయమన్నారు. అమ్మను రేపే కిందికి దించేస్తానని, మేడ మొత్తం ఖాళీ చేస్తానని అన్నారు. ఆయన భయం అర్థమైంది. అలాంటప్పుడు ఫర్వాలేదండి అన్న మాట పనికిరాదు. ఆయన్ని జాకీల దగ్గరికి తీసుకెళ్ళాను. బరువు ఇప్పుడు దేని మీద ఉందో, కింద నేల దూలాలకు అది ఎలా అందుతోందో, కింది గోడౌనులో మేము ముందే నిలబెట్టిన కర్రలతో సహా చూపించాను. తర్వాత మిగతా దూలాలన్నిటి కొసలూ తెరిపించి, ఒక్కొక్కటి ఆయన చేతే ఉలితో పొడిపించాను. ఇంకెక్కడా దిగలేదు. చెడిన మేర కోసేసి, పాత టేకు ముక్క అతికించి, రెండు పక్కలా ఉక్కు పలకలు పెట్టి బోల్టులు బిగిస్తే ఆ దూలం ఎప్పటిలాగే పనిచేస్తుందని చెప్పాను. ఆయన సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, సరే కానీండి అన్నారు.

వరహాలమ్మగారు వెనక డాబా మీద నుంచి, తెరిచి ఉన్న పాత ద్వారాల్లోంచి ఇదంతా చూస్తున్నారు. "నేనొకద్దాన్నే దాని కింద పడుకున్నానా ఏటి? మా అత్తగారు పడుకున్నాది, ఆవిడత్తగారు పడుకున్నాది," అన్నారు. "దానికీ పెద్దతనం వొచ్చినాది. కర్ర ఊతం ఇయ్యండి, నిలబడతాది."

బోర్డు బిగించాక సత్యనారాయణగారు దాన్ని భుజంతో రెండుసార్లు తోసి చూశారు. తుమ్మలేదు గాని, గట్టిగా దగ్గి చూశారు. పాత ద్వారం నుంచి తీసిన టేకు తలుపునే వరహాలమ్మగారి గదికి అమర్చాం. గడియ లోపలి వైపుకు మార్చాం. నడవా చివర వెలుతురు కోసం వంటింటి గోడ పైభాగంలో గాజు పెట్టాం. వీధి గది హాలంత పెద్దది కాలేదు గాని, అందులోంచి మంచం కనబడడం మానేసింది. ఇంటాయన అసలు బాధ అదేనని అప్పుడు తెలిసింది. సోఫా కొన్నారు.

పని పూర్తయినట్టు సంతకం చేయించుకోవడానికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. చుట్టాలు కొందరు కొత్త మేడ చూడడానికి వచ్చి సోఫాలో కూర్చుని ఉన్నారు. పెద్దావిడ గది చూద్దామని ఒకామె లేవబోతే పద్మగారు ఆపారు.

"అత్తయ్య పడుకున్నారండి. తలుపేసుకున్నారు. మళ్ళీ ఎప్పుడైనా సూద్దురు గాని."

చుట్టాలు కాఫీ తాగి వెళ్ళిపోయారు. నేనూ ఆవిణ్ణి చూడకుండానే స్టేషనుకు బయలుదేరాను.

ఆ పని తర్వాత నా ఉద్యోగంలో రెండు పద్ధతులు మార్చుకున్నాను. పాత ఇంటి మార్పు ఏదైనా సరే, గోడ ముట్టుకునే ముందు ప్లానును ఇంట్లోనే అసలు కొలతలో కట్టి, కొన్ని రోజులు వాళ్ళనే నడిచి చూడమనేదాన్ని. డ్రాయింగు మొదలుపెట్టే ముందు, పని ఒప్పగించిన ఒక్కరితోనే కాకుండా, ఆ ఇంట్లో పడుకునే ప్రతి మనిషితోనూ విడిగా మాట్లాడేదాన్ని. దానికి ఒక పూట ఎక్కువ పడుతుంది. ఒకసారి కట్టిన గోడను మళ్ళీ పగలగొట్టడానికి అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంది.